నీడను వేయకుండా వదిలేయడం: కరవాజ్జో ‘సెయింట్ జెరోమ్’ను నూనె రంగుల్లో అభ్యాసం చేసేవాళ్ళకు

(చెన్నైలో తెలుగు చిత్రకళా విద్యార్థుల కోసం ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను ఒక్కటి ఆపేయండి బాబూ, చప్పుడు ఎక్కువగా ఉంది. ఆ. ఇప్పుడు బావుంది.

ఈరోజు ఒక్కటే బొమ్మ. పది బొమ్మలు చూపించి పదింటి గురించీ పైపైన చెప్పే కంటే, ఒక్కదాన్ని పట్టుకుని మొదటి పూత నుంచి వార్నిష్ దాకా వెళ్దాం. బొమ్మ పేరు ‘రాస్తున్న సెయింట్ జెరోమ్’. వేసింది కరవాజ్జో. ఇటలీవాడు, 1571లో పుట్టాడు, 1610లో పోయాడు. ఈ బొమ్మ 1605, 1606 ప్రాంతంలోది. రోమ్‌లో బోర్గేసే గ్యాలరీలో ఉంది. ఎత్తు 112 సెంటీమీటర్లు, వెడల్పు 157 సెంటీమీటర్లు. ఈ కొలత రాసుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

జెరోమ్ ఎవరంటే, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు. బొమ్మలో ఆయన ముసలివాడు. బట్టతల, గడ్డం, ఒంటికి చుట్టుకున్న ఎర్రటి వస్త్రం. పుస్తకం మీదికి వంగి ఉన్నాడు. కలం పట్టుకున్న కుడిచెయ్యి బల్ల మీదుగా చాచి ఉంది. బల్ల ఇటు చివర, పుస్తకం మీద, ఒక పుర్రె. ఒక తెల్లగుడ్డ వేలాడుతోంది. ఇంకేం లేదు. వెనకాల గోడ లేదు, కిటికీ లేదు, అంతా చీకటే.

అభ్యాసానికి ఇదే ఎందుకు? ఒక్కడే మనిషి. చర్మం, ఎముక, ఎర్రగుడ్డ, తెల్లగుడ్డ, కాగితం, ఈ అయిదూ చేయడం వస్తే మిగతా బరోక్ బొమ్మలన్నీ, అంటే కరవాజ్జో కాలపు యూరప్ శైలి బొమ్మలన్నీ, మీకు తలుపు తీస్తాయి. పైగా రంగులు తక్కువ. నీలం అసలు కొనక్కర్లేదు.

సరే, ఒక ప్రశ్న అడుగుతాను. ఈ బొమ్మలో రంగు వేసిన భాగం ఎంత? దాదాపు వేయకుండా వదిలేసిన భాగం ఎంత?

మీరు బాగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇది. ఎందుకంటే విద్యార్థులు చేసిన కాపీలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. గీత సరిగ్గానే ఉంటుంది, రంగూ దగ్గరగానే ఉంటుంది, కానీ బొమ్మ బరువుగా, మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. కారణం, తెల్ల కాన్వాస్ మీద మొదలుపెట్టి వెలుగునీ వేశారు, నీడనీ వేశారు, వెనకాల చీకటినీ వేశారు. ప్రతి అంగుళం మీదా ఒకే మందంలో రంగు. కరవాజ్జో అలా చేయలేదు. ఆయన బొమ్మల్ని పరీక్షించినవాళ్ళు చూసిన సంగతి ఏమిటంటే, కింద గోధుమరంగు పూత ఒకటి ముందే వేసి, నీడలు వచ్చే చోట చాలావరకు ఆ పూతనే అలా ఉంచేశాడు. వెలుగు పడే చోటే చిక్కటి రంగు పెట్టాడు. ఒక ఆకారం, దాని పక్క ఆకారం కలిసేచోట కొన్నిచోట్ల సన్నటి గీతలాగా కింది పూతే కనిపిస్తుంది.

గుడికి వెళ్ళినప్పుడు గర్భగుడిలో హారతి ఇచ్చేటప్పుడు చూడండి. కర్పూరం వెలుగు తగిలిన చోట ముక్కు, పై పెదవి, భుజం కనిపిస్తాయి. మిగతాది నల్లరాయి నల్లరాయిలాగే ఉంటుంది. అయినా స్వామి మొత్తం కనిపించినట్టే ఉంటుంది కదా? మిగతాది మీ కన్నే పూర్తి చేసుకుంటుంది. ఈ బొమ్మలో చేయాల్సిందీ అదే. నల్లరాయి ముందు తయారు చేసుకోవాలి. తర్వాత వెలుగు తగిలించాలి. ఈ వరస తప్పకూడదు. ఇప్పుడు నేను చెప్పబోయేవన్నీ ఈ వరస నుంచి వచ్చినవే.

కాన్వాస్, కొలత, గడులు

112, 157 రాసుకున్నారు కదా. 157ని 112తో భాగిస్తే 1.4 వస్తుంది. మన షాపుల్లో 20 అంగుళాలు, 28 అంగుళాల కాన్వాస్ అడగండి. 28ని 20తో భాగించినా 1.4. అంటే బొమ్మ అంచులు కత్తిరించకుండా సరిగ్గా సరిపోతుంది. చాలామంది 18, 24 కొంటారు, నిష్పత్తి తప్పుతుంది, అప్పుడు చాచిన చెయ్యిని కుదించాల్సి వస్తుంది. ఆ చెయ్యి పొడవే ఈ బొమ్మకు ప్రాణం. బట్టతల ఒక చివర, పుర్రె ఒక చివర, మధ్యలో ఆ చెయ్యి. దాన్ని కుదిస్తే ఏం మిగిలింది?

ఇంకో సంగతి. లూవ్ర్ మ్యూజియంలో కాపీ చేసేవాళ్ళకి ఒక నియమం ఉంది, అసలు బొమ్మ కొలతలోనే చేయకూడదు, కనీసం అయిదో వంతు తేడా ఉండాలి. మనది అసలు దాంట్లో సగానికంటే కాస్త తక్కువ కొలత, కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

గడులు గీసుకుందాం. 28 అంగుళాలని 7 భాగాలు, 20 అంగుళాలని 5 భాగాలు. మొత్తం 35 గడులు, ఒక్కోటి 4 అంగుళాల చతురస్రం. అసలు బొమ్మను ఇలాగే భాగిస్తే ఒక్కో గడి 22.4 సెంటీమీటర్లు వస్తుంది. అంటే సుమారుగా మనిషి తల ఎత్తు. ఇది గుర్తుంటే కొలతలు చేతిలో ఉంటాయి. కొందరు 2 అంగుళాల గడులు గీసి 140 చేసుకుంటారు. అలా వద్దు. గడి చిన్నదైపోతే కన్ను గడిని చూస్తుంది, మనిషిని చూడదు. 35 చాలు. తల, పుర్రె, కలం పట్టిన వేళ్ళు, ఈ మూడు చోట్ల మాత్రం గడిని నాలుగు చేసుకోండి.

చూసి వేయడానికి ప్రింటు కావాలి. ఏ3 సైజులో రెండు తీయించండి, ఒకటి రంగుల్లో, ఒకటి నలుపు తెలుపులో. ట్రిప్లికేన్‌లో ఏ ప్రింటింగ్ షాపుకి వెళ్ళినా తీసిస్తారు. కానీ రెండు మాటలు చెప్పి తీయించండి. మెరిసే కాగితం వద్దు. బ్రైట్‌నెస్ పెంచొద్దు. వాళ్ళు బొమ్మ బాగా కనిపించాలని మంచి మనసుతోనే పెంచేస్తారు, దాంతో మనకి కావాల్సిన నీడలన్నీ బూడిదరంగులోకి పోతాయి. ఫోన్‌లో, ట్యాబ్‌లో చూసుకోవచ్చు, వివరం కోసం. వాల్యూ మాత్రం, అంటే ఎంత వెలుగు ఎంత చీకటి అన్నది, నలుపు తెలుపు ప్రింటు చూసే తేల్చుకోండి. స్క్రీన్ వెనకనుంచి వెలుగుతుంది, రంగు వెలగదు. స్క్రీన్‌ని చూసి వేస్తే ఎంత తెలుపు పెట్టినా చాలడం లేదనిపిస్తుంది.

కింది పూత

షాపులో కొన్న కాటన్ కాన్వాస్ మీద ప్రైమర్ ఉంటుంది కానీ పలచగా ఉంటుంది. గెస్సో, అంటే రంగు వేసే ముందు కాన్వాస్‌కి పూసే తెల్ల పూత, ఇంకో రెండుసార్లు వేయండి. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మధ్యలో 220 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. మరీ నున్నగా చేయకండి, ఆ నేతలో ఉన్న చిన్న గరుకుదనం మనకి తర్వాత అవసరం. ఎందుకో చెప్తాను. గెస్సో వేశాక మూడు రోజులు ఆగండి. పైకి గంటలోనే ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి నీరు పోవడానికి టైం పడుతుంది.

తర్వాత గ్రౌండ్, మన నల్లరాయి. రా అంబర్ అనే గోధుమరంగు 3 పాళ్ళు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు 1 పాలు, తెలుపు అర పాలు. తెలుపు ఎందుకు అంటారా? ఆ కాస్త తెలుపు లేకపోతే పూత పారదర్శకంగా ఉండి కింద గెస్సో తెల్లదనం తొంగిచూస్తుంది. నీడ లోపలినుంచి వెలుగుతున్నట్టు అయిపోతుంది, మనకది వద్దు. దీన్ని టర్పెంటైన్‌తో మాత్రమే కలపండి, నూనె ఒక్క చుక్క కూడా వద్దు. చిక్కటి మజ్జిగలాగా రావాలి. 2 అంగుళాల ఫ్లాట్ బ్రష్‌తో వేసి, పది నిమిషాలాగి పాత గుడ్డతో ఒత్తకుండా సమంగా తుడవండి. టర్పెంటైన్ అంటే ఆర్ట్ షాపులో అమ్మేది. హార్డ్‌వేర్ షాపులో అమ్మే థిన్నర్ కాదు. థిన్నర్ ఘాటుకి తలనొప్పి వస్తుంది, అది ఒక్కటే కాదు, కింది పూతని కరిగించి లేపేస్తుంది. ఏదైనా సరే, కిటికీలు తెరిచే పని చేయండి.

ఈ గ్రౌండ్ ఎంత ముదురుగా ఉండాలి? తొమ్మిది మెట్లు అనుకోండి, 1 నలుపు, 9 తెలుపు. గ్రౌండ్ 3 దగ్గర ఉండాలి. 5 దగ్గర ఉంటే నీడలన్నీ మళ్ళీ మీరే వేసుకోవాలి, వదిలేయడానికి ఏమీ ఉండదు. 1 దగ్గర ఉంటే ఇంకా ముదురు నీడ వేయడానికి చోటు ఉండదు. 3. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అందుకని ఈ పూత త్వరగా ఆరుతుంది. చెన్నై ఎండలో రెండు మూడు రోజులు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మన వానల్లో, వారం అనుకోండి. నూనె రంగు నీరు ఆరినట్టు ఆరదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. గాలి ఆడని గదిలో పెట్టి ఆరలేదంటే దాని తప్పు కాదు.

గీత, గోధుమరంగు దశ

ఆరిన గ్రౌండ్ మీద తెల్ల సుద్దతో గడులు, సుద్దతోనే గీత. పెన్సిల్ వద్దు, ముదురు గ్రౌండ్ మీద కనిపించదు, కనిపించేలా ఒత్తితే గుంట పడుతుంది. కరవాజ్జో విడిగా వేసిన డ్రాయింగులు ఒక్కటీ దొరకలేదు. ఆయన బొమ్మల్లో తడి గ్రౌండ్ మీద మొనతో గీసిన గాట్లు మాత్రం దొరికాయి, పక్కనుంచి వెలుగు వేసి చూస్తే కనిపిస్తాయి. తల ఇక్కడికి, భుజం ఇక్కడికి అని గుర్తులు. అంటే మోడల్‌ని నిలబెట్టి, గుర్తులు పెట్టుకుని, నేరుగా రంగులోకి దిగాడు. మనం ఆయనంత నేరుగా దిగలేం. సుద్దతో వేసుకుని, నిలువు గీతలు, అడ్డ గీతలు చూసుకోండి. ముక్కు కొస నుంచి కిందికి నిలువుగా దిగితే ఏం తగులుతుంది? నడినెత్తి నుంచి అడ్డంగా వస్తే పుర్రె ఎక్కడుంది? ప్రొజెక్టర్‌తో వేసేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. వేయొచ్చు, రెండు గంటలు మిగులుతాయి. కానీ తప్పు గీసి దిద్దుకునే ఆ రెండు గంటల్లోనే తల నిర్మాణం మీకు తెలుస్తుంది. ఈ అభ్యాసంలో ఆ భాగాన్ని వదులుకోవద్దు.

ఇప్పుడు బర్న్ట్ అంబర్, కొద్దిగా ఐవరీ బ్లాక్ కలిపి, టర్పెంటైన్ రెండు పాళ్ళు, అవిసె నూనె ఒక పాలు ఉన్న మిశ్రమంతో పలచన చేసి, బాగా ముదురు నీడలు మాత్రం పెట్టండి. కంటి గుంట, గడ్డం కింద, చంక, బల్ల కింద, వస్త్రం మడతల లోపలి భాగం. అంతే. మధ్యరకం నీడలు ముట్టుకోవద్దు, అవి గ్రౌండే. ఈ దశలో కళ్ళు చికిలించి దూరం నుంచి చూడండి. ఇంకా తెలుపు పడలేదు, అయినా మనిషి కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్ళకండి. ఇక్కడ అరగంట దిద్దుకోవడం, తర్వాత మూడు రోజులు దిద్దుకోవడంతో సమానం.

నూనె విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. కింది పూతలో నూనె తక్కువ, పైకి వెళ్ళే కొద్దీ ఎక్కువ. మొదటిది టర్పెంటైన్ మాత్రమే. రెండోది రెండుకి ఒకటి. మూడోది సగం సగం. ఎందుకు? నూనె ఎక్కువున్న పూత నెమ్మదిగా గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కదులుతుంది. దాని మీద త్వరగా ఆరే పలచటి పూత వేస్తే పైది గట్టిపడిపోతుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది, పైది పగులుతుంది. మట్టినేల ఎండకి పైన ఎండి బీటలు తీసినట్టే.

వెలుగు

ఇప్పుడు అసలు పని. రంగులు ఎనిమిది: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, కాడ్మియం రెడ్ లైట్, పర్మనెంట్ అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, బర్న్ట్ అంబర్, ఐవరీ బ్లాక్. తెలుపు పెద్ద ట్యూబు కొనండి, మిగతావి చిన్నవి చాలు. అలిజరిన్‌లో ‘పర్మనెంట్’ అన్న మాట చూసి కొనండి, పాతరకం అలిజరిన్ వెలుగుకి వెలిసిపోతుంది.

కరవాజ్జో కాలంలో తెలుపు సీసం తెలుపు. అది విషం, అభ్యాసానికి మనకొద్దు. టైటానియం వైట్ 20వ శతాబ్దంలో వచ్చింది. దానికీ దీనికీ తేడా తెలుసుకోండి. సీసం తెలుపు కాస్త వెచ్చగా ఉంటుంది, సాగుతుంది, కొంచెం పారదర్శకం. టైటానియం చల్లగా, సుద్దలాగా, దేనిమీద వేస్తే దాన్ని కప్పేస్తుంది. అందుకని ట్యూబు నుంచి నేరుగా వాడకండి. ముందే ఒక కుప్పలో తెలుపుకి చిటికెడు ఎల్లో ఆకర్ కలిపి పెట్టుకోండి. ఈరోజు నుంచి మీ తెలుపు అదే.

చర్మానికి మూడు కుప్పలు. వెలుగు కుప్ప: ఆ తెలుపు 4 పాళ్ళు, ఎల్లో ఆకర్ 2, కాడ్మియం రెడ్ అర పాలు. రెండో కుప్ప: మొదటి దాంట్లోంచి సగం తీసుకుని అందులో ఆకర్, రా అంబర్ కొంచెం కొంచెం. మూడోది నీడకి: బర్న్ట్ అంబర్, కొద్దిగా ఎరుపు, ఇందులో తెలుపు ఉండకూడదు. నీడలో తెలుపు పడిందా, నీడ సున్నం కొట్టినట్టు అవుతుంది. ఇంకొకటి, ముఖం, చేతులు ఎండ తగిలినవి, ఎరుపు ఎక్కువ. ఛాతీ, భుజం బట్ట కింద ఉండేవి, పాలిపోయి ఉంటాయి. ఒకే రంగు ఒళ్ళంతా వేస్తే బొమ్మల కొలువులో బొమ్మలా ఉంటుంది.

చాచిన చెయ్యి దగ్గరికి రండి. ముందుకు వచ్చి చూడండి, ప్రింటులో ఈ ముంజేయి. వెలుగు తగిలే పైభాగంలో రంగు చిక్కగా ఉంది. కింది అంచు చీకట్లో కలిసిపోయింది. మధ్యలో ఈ బూడిద నీలం ఛాయ చూశారా? ఏమ్మా? గట్టిగా అడుగు, అందరికీ వినిపించాలి. ఆ అమ్మాయి అడుగుతోంది, చర్మంలో నీలం కనిపిస్తోంది కదా, నీలం కొనక్కర్లేదన్నారేంటి అని. మంచి ప్రశ్న. అది నీలం రంగు కాదమ్మా. ముదురు పూత మీద లేత రంగు పలచగా పడితే కంటికి నీలంగా కనిపిస్తుంది. మన చేతుల్లో నరాలు నీలంగా కనిపించడం లేదూ, లోపల నెత్తురు ఎర్రదే కదా. నల్లకుండ మీద పలచటి పాలు జారితే అంచున నీలం వస్తుంది, చూసే ఉంటారు.

అది ఎలా వేయాలో చెప్తాను. 6 నంబరు హాగ్ ఫిల్బర్ట్ బ్రష్, అంటే పంది వెంట్రుకలతో చేసిన, కొస గుండ్రంగా ఉండే బల్లపరుపు బ్రష్ తీసుకోండి. వెలుగు కుప్పలోంచి రంగు తీసుకోండి, నూనె కలపకండి. ముంజేయి పైభాగంలో రంగు మందంగా పెట్టండి. ఇప్పుడు బ్రష్‌ని గుడ్డకి ఒకసారి తుడిచి, దాదాపు పొడిగా చేసి, కాన్వాస్‌కి వాలుగా పట్టుకుని, వెలుగులోంచి చీకటి వైపు లాగండి. ఒత్తకూడదు. రంగు కాన్వాస్ నేత మీద ఎత్తుగా ఉన్న పోగులకి మాత్రం అంటుకుంటుంది, పోగుల మధ్య గుంటల్లో గ్రౌండ్ అలాగే ఉండిపోతుంది. గెస్సో మరీ నున్నగా రుద్దొద్దన్నది ఇందుకే. మీరు కలపని రంగు ఒకటి అక్కడ పుడుతుంది. ఒకసారి లాగండి, రెండోసారి పక్కన లాగండి, ఆపేయండి. మూడోసారి అదే చోట లాగితే గుంటలు నిండిపోతాయి, బురదవుతుంది. అయిపోయిందనిపిస్తే కెలక్కుండా పాలెట్ నైఫ్‌తో గీకేసి, గుడ్డతో తుడిచి, కింద గ్రౌండ్ కనిపించాక మళ్ళీ వేయండి. గ్రౌండ్ ఆరి ఉంది కాబట్టి ఎన్నిసార్లయినా గీకొచ్చు. ఈ ఒక్క లాగుడు ముందు చిన్న బోర్డు మీద ఇరవైసార్లు చేయండి. తర్వాతే కాన్వాస్.

మెత్తటి బ్రష్‌తో నున్నగా కలిపేయడం, విద్యార్థులందరికీ ఉన్న అలవాటు. అంచులు కనిపించకుండా తిప్పి తిప్పి కలుపుతారు. ముసలాయన చర్మం మైనం అయిపోతుంది. బ్లెండింగ్ వద్దని కాదు, చివర్లో ఒకటి రెండు చోట్ల చాలు.

నుదుటి ముడతలు. ముడత అంటే గీత అనుకుని సన్న బ్రష్‌తో గోధుమరంగు గీతలు గీస్తారు. అది నుదురా, రూళ్ళ పుస్తకమా? ముడతలో రెండు చర్మపు మడతలుంటాయి, వాటి మధ్య గాడి. వెలుగు తగిలే మడత మీద మాత్రం చిన్నగా రంగు పెట్టండి, గాడిని వదిలేయండి. గాడి గ్రౌండే. వెలుగు వేస్తే ముడత దానంతట అదే వస్తుంది.

బట్టతల నిర్మాణం తెలియాలంటే మనకి మోడల్‌కి కొదవ లేదు. తిరుమల వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చినవాళ్ళు ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటారు. వాళ్ళని ఒక దీపం పక్కన పది నిమిషాలు కూర్చోబెట్టండి. గంధం పూయకముందైతే మంచిది, మెరుపు తెలుస్తుంది. మెరుపు ఎక్కడుంది? నెత్తి మధ్యలో ఉండదు, నుదుటి ఎముక వంపు తిరిగే చోట ఉంటుంది. దాని ఆకారం చుక్క కాదు, వంపుతో పాటు సాగిన మరక. బొమ్మలో ఆ మెరుపు పెట్టేటప్పుడు 9 కాదు, 8 పెట్టండి. మొత్తం బొమ్మలో 8 రెండు మూడు చోట్లకి మించి రాకూడదు. తెల్లగుడ్డ కూడా తెల్లగా ఉండదు. నలుపు తెలుపు ప్రింటులో గుడ్డ మీద చిన్న కన్నమున్న కాగితం పెట్టి చూడండి, ఎక్కువ భాగం 6 దగ్గరే ఉంటుంది. నమ్మబుద్ధి కాదు, కొలిచి నమ్మండి.

పుర్రెకీ తలకీ ఒకే కుప్పల రంగు వాడండి, పుర్రెలో ఎరుపు తీసేసి. కరవాజ్జో ఆ రెండింటినీ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు పెట్టాడు. రంగు వేరుగా కలిపితే ఆ మాట తెగిపోతుంది.

ఎర్ర వస్త్రం

ఎరుపుతో వచ్చే తప్పు ఒక్కటే, కానీ అందరికీ వస్తుంది. వెలుగు కావాలని ఎరుపులో తెలుపు కలుపుతారు. గులాబీరంగు వస్తుంది. ఎరుపు స్వతహాగా మధ్యమెట్టు రంగు, 5 దాటితే అది ఎరుపుగా ఉండదు. కాబట్టి వెలుగు కోసం కాడ్మియం రెడ్‌ను అలాగే, చిక్కగా, మహా అయితే చిటికెడు ఆకర్‌తో పెట్టండి. దాని పక్కన నీడ ముదురుగా ఉంటే అదే వెలుగుతుంది. మడతల మధ్య బర్న్ట్ సియెన్నా, అంబర్. ఇది పూర్తిగా ఆరాక, ఎండాకాలమైనా వారం పది రోజులు ఆగాక, క్రిమ్సన్‌ని అవిసె నూనె, టర్పెంటైన్ సగం సగం మిశ్రమంతో పలచన చేసి, నీడల మీద, మధ్యరకం మీద తెరలాగా వేయండి. ఇదే గ్లేజింగ్. వేశాక అరచేతికి గుడ్డ చుట్టుకుని మెల్లగా అద్దితే ఎక్కువైంది పోతుంది. వెలుగు మీద వేయకండి, ఎరుపు ముదిరిపోతుంది.

వెనక చీకటి గురించి రెండు మాటలు. ట్యూబులోంచి ఐవరీ బ్లాక్ తీసి నేరుగా పూయకండి. అంబర్, కొంచెం నలుపు, కాస్త క్రిమ్సన్ కలిపి పలచగా వేయండి. గ్రౌండ్ లోపలినుంచి కొద్దిగా తెలుస్తూ ఉండాలి. వీపు వైపు, వస్త్రం వెనక అంచుని రంగు తడిగా ఉన్నప్పుడే చీకట్లో కలిపేయండి. అంచు కనిపించాల్సింది వెలుగు వైపే.

ఇప్పుడు చాలామందిని భయపెట్టే విషయం. వారం తర్వాత చూస్తే చీకటి భాగం మచ్చలు మచ్చలుగా, బూడిద కొట్టినట్టు అయిపోతుంది. రంగు పాడైందనుకుని ఇంకా నలుపు పూస్తారు. పాడవలేదండీ. పై పూతలోని నూనెని కింది పూత పీల్చుకుంది, అందుకని మెరుపు పోయింది. మెరుపు పోయిన ముదురు రంగు ఒకటి రెండు మెట్లు లేతగా కనిపిస్తుంది. ఆ స్థితిలో చూసి నలుపు పెంచుకుంటూ పోతే, చివర్లో వార్నిష్ వేసిన రోజు బొమ్మ మొత్తం బొగ్గు. ఏం చేయాలి? ఆరిందని తేల్చుకుని, అవిసె నూనె, టర్పెంటైన్ సమంగా కలిపి, నూలు రాని గుడ్డకి చాలా కొంచెం తీసుకుని ఆ చోట రుద్దండి, తర్వాత పొడిగుడ్డతో తుడిచేయండి. రంగు మళ్ళీ లేస్తుంది. అప్పుడు చూసి నిర్ణయం తీసుకోండి.

పని చేసేటప్పుడు ముదురు రంగు తడిగా ఉంటే ట్యూబ్‌లైట్ దాని మీద మెరుస్తుంది, ఏం వేశారో కనిపించదు. ఈజిల్, అంటే కాన్వాస్ నిలబెట్టే స్టాండు, పైభాగాన్ని కాస్త మీ వైపు వంచుకోండి. మెరుపు నేలకు పోతుంది. ప్రింటు మీద, కాన్వాస్ మీద ఒకే లైటు పడాలి. ఒకదాని మీద కిటికీ వెలుగు, ఇంకోదాని మీద బల్బు వెలుగు పడితే రంగు ఎప్పటికీ కలవదు.

ఆరబెట్టేటప్పుడు మంచం కిందా, గోడవైపు తిప్పీ పెట్టకండి. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. వెలుగున్న గదిలో, నేరుగా ఎండ పడకుండా, గోడకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టండి. మన ఊరి తేమకి గోడకి ఆనించిన కాన్వాస్ వెనకాల బూజు పడుతుంది. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగాలి, రంగు మందంగా ఉంటే సంవత్సరం.

నూనె గుడ్డల సంగతి. ఇది వినండి, అందరూ. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, ఆ నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక లోపలే పేరుకుని, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. పరిచి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పడేయండి. హాస్టల్ గదుల్లో చేసేవాళ్ళు మరీ జాగ్రత్త. బ్రష్‌లు, చేతులు ముందు వేరుశనగ నూనెతో రంగు వదిలించుకుని తర్వాత సబ్బు పెట్టండి. చేతులకి టర్పెంటైన్ రాయొద్దు, చర్మం పగులుతుంది.

కాపీ చేయడం చిన్నతనం అని ఎవరైనా అంటే, రూబెన్స్ అనే పెద్ద చిత్రకారుడి సంగతి చెప్పండి. 1577లో పుట్టినవాడు, 1628, 1629లో మాడ్రిడ్‌లో ఉండగా, తనకంటే ముందుతరం ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన ఆదాము హవ్వల బొమ్మను కాపీ చేశాడు. యాభై దాటాయి అప్పటికి, యూరప్ అంతా పేరుంది. కరవాజ్జో బొమ్మ ఒకటి, క్రీస్తును సమాధి చేసే దృశ్యం, అదీ చేశాడు. మీ కాన్వాస్ వెనక మాత్రం స్పష్టంగా రాయండి: కరవాజ్జో సెయింట్ జెరోమ్ చూసి చేసిన అభ్యాసం, మీ పేరు, సంవత్సరం. ముందువైపు సంతకం వద్దు.

ఇక మీరు చేయాల్సింది. ఇవాళ సాయంత్రమే గెస్సో వేయండి. గురువారం గ్రౌండ్ వేయండి. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం అందరూ ఆ కాన్వాస్‌తో రండి. వచ్చే ముందు ఒక మూల గోరుతో గీసి చూడండి. గీత పడితే ఇంట్లోనే ఉంచండి, ఇంకో వారం ఆరనివ్వండి. పడకపోతే సుద్దముక్క, రెండు ప్రింట్లు కూడా పట్టుకుని రండి, గడులు ఇక్కడే గీద్దాం.